పెద్దక్క గ్రూపులోంచి వెళ్ళిపోయిన రోజు

ఆ రోజు పెద్దక్క పెట్టుకున్న పని చాలా చిన్నది. పొద్దున్నే కళ్ళజోళ్ళ షాపు తెరవాలి, టైలరమ్మ ఫ్రేములో కొత్త అద్దాలు బిగించి ఇచ్చెయ్యాలి, మధ్యాహ్నం లోపు అరలన్నీ దులపాలి. అంతే. ఊరంతా తనకోసం వెతకాలనే కోరిక ఆమెకి కలలో కూడా లేదు.

పెద్దక్క అంటే ఆ ఇంటికి పెద్దది. ఆమె తరవాత ఒక చెల్లెలు, ఒక తమ్ముడు. వాళ్ళిద్దరూ పిలిచీ పిలిచీ ఆ పిలుపే ఊళ్ళో స్థిరపడింది. కంటి పరీక్షకి వచ్చే ముసలివాళ్ళు కూడా పెద్దక్కా అనే పిలుస్తారు. ఒక మాట అనుకుందంటే ఇక అంతే, బ్రహ్మదేవుడు దిగివచ్చి బతిమాలినా వెనక్కి తీసుకోదు. ఆమె భర్త గోడలకి రంగులు వేయించే మేస్త్రీ. "మా ఆవిడది ఉడుంపట్టండీ. గోడనైనా రెండు కోటింగులతో దారికి తేవచ్చు, ఆవిడ్ని తేలేం" అని నలుగురిలో చెబుతుంటాడు. ఆమె లేనప్పుడు మాత్రమే చెబుతాడు.

ముగ్గురూ ఉండేది ఒకే ఊరు, తలో మూలా. అందర్నీ కలిపి ఉంచాలని తమ్ముడు ఫోన్లో ఒక గ్రూపు పెట్టాడు. దాని పేరు 'ఒకే గూడు'. గూడు ఒకటేగానీ, అందులోని పక్షులు ఒకదాని మొహం ఒకటి చూసుకుని ఏడాది దాటింది. తమ్ముడు లిఫ్టులు బాగుచేసేవాడు. రోజూ పొద్దున్నే ఏదో ఒక మేడ ఎక్కి సూర్యోదయం ఫోటో తీసి, కింద ఒక నీతివాక్యం తగిలించి గ్రూపులో వదిలేవాడు. దానికి అందరూ ఏదో ఒక గుర్తు పెట్టి తీరాలి. పెట్టకపోతే ఫోన్ చేసి "ఒంట్లో బాగాలేదా? మనసు బాగాలేదా? నామీద కోపమా?" అని ప్రాణం తీసేవాడు. అందరూ దాన్ని ఆప్యాయత అనుకునేవారు. నిజానికి అది బళ్ళో హాజరు పిలవడం లాంటిది.

హాజరు పలకడంలో పెద్దక్కని మించినవాళ్ళు లేరు. కంటి పరీక్షకి వచ్చిన మనిషి కుర్చీలో కూర్చుని పై వరుస అక్షరాలు చదివేలోపు, ఆమె బొటనవేలు గ్రూపంతా తిరిగి పది హార్ట్ గుర్తులు పంచి వచ్చేది. ఎవరేం పెట్టారో చూసే తీరిక ఎక్కడిది? పెట్టింది మనవాళ్ళే, పెట్టేది హార్టే, ఇక చూసేదేముందని ఆమె ధీమా.

టైలరమ్మ వచ్చింది. కొత్త కళ్ళజోడు పెట్టుకుని, సూదిలో దారం ఎక్కించి చూసుకుని, సంతోషించింది. వెళ్ళబోతూ గుమ్మంలో ఆగింది.

"అడగడం మరిచాను పెద్దక్కా, మీ చెల్లెలు కాలెలా ఉంది?"

"ఏ కాలు?"

"ఎడమది."

పెద్దక్క చేతిలోని గుడ్డ ఆగిపోయింది. "ఎడమకాలికి ఏమైంది?"

టైలరమ్మ నోరు వెళ్ళబెట్టింది. "అదేంటండీ! మెట్లమీంచి జారి మడమ విరగ్గొట్టుకుంది కదా? రెండు నెలల పైనే అయిందిగా? నేను దుకాణం ఇటు మార్చకముందు ఆ వీధిలోనే ఉండేదాన్ని, రెండుసార్లు వెళ్ళి చూసొచ్చాను. పాపం, వాళ్ళాయనేమో ఓడ మీద ఉద్యోగం, ఇంట్లో ఒక్కతే, కాలికేమో అంత లావు కట్టు. 'మీ అక్కకి చెప్పారా?' అనడిగితే..."

"అడిగితే?"

"నాకెందుకులెండి."

"చెప్పకపోతే ఆ కళ్ళజోడు ఇలా ఇచ్చెయ్."

టైలరమ్మ కళ్ళజోడుని రెండు చేతులా పట్టుకుంది. "'ఫోటో పెట్టాను, అక్క హార్ట్ కూడా పెట్టింది, రావడం మాత్రం రాలేదు. మా అక్కకి నేను ఫోటోలో ఉంటే చాలులే' అందండీ. ఉన్నమాట చెప్పాను, నన్నేమీ అనకండి" అని చెప్పి, వడివడిగా వెళ్ళిపోయింది.

పెద్దక్క ఫోన్ తీసింది. సూర్యోదయాలన్నీ దాటుకుంటూ, నీతివాక్యాలన్నీ తోసుకుంటూ, మధ్యలో ఎక్కడా ఆగకుండా వెనక్కి వెళ్ళింది. దొరికింది. దిండు మీద కట్టుతో కాలు. పక్కన చెల్లెలు రాసిన ఒకే ఒక్క ముక్క: 'చూశారా నా సంగతి.' దాని కింద వరసగా హార్టులు. అన్నిటికన్నా ముందుది పెద్దక్కదే.

తల్లి పోయాక ఆ పిల్లకి జడలేసింది తను. జ్వరమొస్తే రాత్రంతా తడిగుడ్డ వేసింది తను. అలాంటి పిల్ల ఒంటరిగా మంచం మీద పడి ఉంటే, ఊళ్ళో అందరి కళ్ళూ పరీక్ష చేసే తను కళ్ళు మూసుకుని హార్ట్ పెట్టింది. మనిషన్నాక ఇంతకన్నా సిగ్గుచేటు ఏముంటుంది? ఇంకా కిందికి జరిపి చూసే ఓపిక ఆమెకి లేకపోయింది.

"ఇక చాలు ఈ గూడు" అని పైకే అంది.

గ్రూపులోంచి వెళ్ళిపోయే మీట నొక్కింది. 'నిజంగానే వెళ్ళిపోతారా?' అని ఫోన్ మళ్ళీ అడిగింది. పెద్దక్కని ఒక విషయం రెండోసారి అడిగి బాగుపడ్డవాళ్ళు లేరు. నొక్కింది. ఫోన్ని సొరుగులో పడేసి తాళం వేసింది. షాపుకీ తాళం వేసి, 'ఈ రోజు సెలవు' బోర్డు తగిలించి, రెండు తాళంచెవులూ సంచిలో వేసుకుంది. దారిలో నారింజపళ్ళు కొంది. ఇవాళ చెల్లెలి మొహం కళ్ళారా చూడాలి, తప్పు ఒప్పుకోవాలి, అది తిడితే తినాలి. అంతవరకూ ఫోన్ అనే వస్తువుని ముట్టుకునేది లేదని తీర్మానించుకుని బస్సెక్కింది.

ఇక్కడ బస్సు కదిలిందో లేదో, అక్కడ గూడు కదిలిపోయింది.

ఆ సమయానికి తమ్ముడు ఎక్కడో నాలుగో అంతస్తుకీ అయిదో అంతస్తుకీ మధ్య లిఫ్టు మీద కూర్చుని ఉన్నాడు. జేబులో ఫోన్ టింగుమంది. 'పెద్దక్క వెళ్ళిపోయారు.' గ్రూపు పుట్టిన దగ్గర్నుంచి ఎవరూ వెళ్ళిపోలేదు. అతనికి గుండె జారి కింది అంతస్తులో పడింది. ఫోన్ చేశాడు, ఎత్తలేదు. బావకి చేశాడు. బావ రంగు బకెట్ అక్కడే వదిలేసి షాపుకి పరిగెత్తాడు. తలుపుకి తాళం, లోపల్నుంచి ఫోన్ మోగుతున్న చప్పుడు. మనిషి లేదు, ఫోన్ ఉంది. తాళంచెవులా లేవు. ఈ సంగతి విన్న తమ్ముడు ఇక ఆలోచించలేదు. ఆలోచించడం అతని వృత్తిలో భాగం కూడా కాదు. ఏది ఇరుక్కున్నా ముందు అలారం మోగించడమే అతనికి తెలిసిన విద్య.

ఊళ్ళోవాళ్ళు సగం మంది చూసే ఒక పేజీ ఉంది, 'మన ఊరి కబుర్లు' అని. అందులో పెట్టాడు: 'మా పెద్దక్క పొద్దుట్నుంచి కనబడటం లేదు. మనసు బాగాలేదు. ఎవరికైనా కనబడితే మెల్లగా కూర్చోబెట్టండి. మంచినీళ్ళివ్వండి. ఏమన్నా ఎదురు చెప్పకండి. మేం వచ్చేదాకా కదలనివ్వకండి.' దానితోపాటు ఒక ఫోటో. పెద్దక్క ఒక్కతే ఉన్న ఫోటో అతని దగ్గర ఒకే ఒకటి ఉంది. అది ఆమె తుమ్మబోతుండగా తీసింది. కళ్ళు మూసుకుని ఉన్నాయి, నోరు తెరుచుకుని ఉంది.

బస్సులో పెద్దక్క పక్కన ఒక కాలేజీ అమ్మాయి కూర్చుంది. ఫోన్ చూసింది. పెద్దక్కని చూసింది. మళ్ళీ ఫోన్ చూసింది.

"ఆంటీ, ఏమీ అనుకోకపోతే ఒక్కసారి కళ్ళు మూసుకుంటారా?"

"ఎందుకమ్మా?"

"ఊరికే. నోరు కూడా కొంచెం తెరిస్తే..."

"నీకేమైనా మతి పోయిందా?" అని పెద్దక్క కసిరేసరికి, కసరడానికి తెరిచిన ఆ నోరే ఆ అమ్మాయికి సరిపోయింది. గబగబా లేచి వెళ్ళి కండక్టర్ చెవిలో ఏదో చెప్పింది. కండక్టర్ తన సొంత నీళ్ళసీసా పట్టుకుని వచ్చాడు. బస్సులో టిక్కెట్టు కూడా విసుక్కుంటూ ఇచ్చే మనిషి, వంగి మరీ మాట్లాడాడు.

"అమ్మా, కాస్త మంచినీళ్ళు తాగండి."

"నాకు దాహం లేదు."

"అవునవును, లేదు. మీరన్నారంటే లేనట్టే. ఎక్కడికమ్మా ప్రయాణం?"

"మా చెల్లెలింటికి."

"చాలా మంచి ఆలోచన. చెల్లెలంటే మరి చెల్లెలే."

ఊళ్ళో మర్యాద ఇంత పెరిగిపోయిందా అని పెద్దక్క ఆశ్చర్యపోయింది. ఆ ఆశ్చర్యం తన స్టాపు వచ్చేదాకానే ఉంది. బస్సు ఆగలేదు.

"ఆపవయ్యా! నా స్టాపు!"

"మీదేనమ్మా, ఆ స్టాపు మీదే. ఈ బస్సూ మీదే. మీరు కూర్చోండి."

"నేను దిగాలంటుంటే!"

"దిగుదురుగాని. తప్పకుండా దిగాలి. మీరు తప్పిపోయారంట కదా, మీవాళ్ళు వచ్చి తీసుకెళతారు."

"నేను తప్పిపోవడమేమిటి! ఏ స్టాపులో దిగాలో తెలిసినదాన్ని తప్పిపోయానంటావా?"

"తప్పిపోయినవాళ్ళంతా అలాగే అంటారమ్మా" అన్నాడు కండక్టర్, ఎంతో సానుభూతిగా. అనేశాక ఎదురు చెప్పానేమోనని నాలుక్కరుచుకుని, "అంటే మీరన్నది నిజమే" అని సర్దుకున్నాడు.

నలుగురూ చుట్టూ చేరారు. ఒకాయన విసనకర్రలా పేపర్ విసరసాగాడు. ఇంకొకావిడ "అలగడాలు మనకి మామూలేలెండి, నేనూ రెండుసార్లు వెళ్ళిపోయి వచ్చాను" అని ధైర్యం చెప్పింది. వీళ్ళతో వాదించి లాభం లేదని పెద్దక్కకి అర్థమైంది. తీర్మానం తీర్మానమే. పొట్ట పట్టుకుని ముందుకి వంగింది.

"కడుపులో తిప్పుతోంది. ఇక్కడే వాంతయ్యేట్టుంది."

అంతవరకూ ఎవరి మాటా వినని డ్రైవర్ అక్కడికక్కడే బ్రేకు వేశాడు. తలుపు తెరుచుకుంది, చుట్టూ ఉన్న జనం దారి ఇచ్చారు. పెద్దక్క దిగి, కండక్టర్ తేరుకునేలోపు సందు మలుపు తిరిగేసింది.

రెండు స్టాపుల దూరం వెనక్కి నడవాల్సి వచ్చింది. పెద్ద రోడ్డు వదిలేసి, మొహానికి పైట కప్పుకుని, సందుల్లోంచి నడిచింది. చెల్లెలింటికి పోవడానికి దొంగలా దాక్కుని పోవలసిన కర్మ ఏమిటో ఆమెకి అర్థం కాలేదు. ఒకచోట పూలకుండీలకి నీళ్ళు పోస్తున్న ఒకావిడ అదోలా చూసి, అదే చెంబు ముందుకి చాచింది. పెద్దక్క ఆగలేదు.

చెల్లెలు ఉండేది పై వాటాలో. మెట్లెక్కి చూస్తే తలుపుకి తాళం. కాలు విరిగిన మనిషి ఎక్కడికి పోతుంది? ఆస్పత్రికా? కిందికి దిగి, కింది వాటా తలుపు కొట్టింది. పెద్దాయన ఒకాయన ఫోన్ చూసుకుంటూనే తలుపు తీశాడు.

"పైన ఉండే అమ్మాయి ఏదండీ?"

"మీకోసమేనమ్మా! ఇందాకే పరిగెత్తుకుంటూ వెళ్ళిపోయింది. రండి, ఇలా కూర్చోండి."

"పరిగెత్తుకుంటూనా? ఆ కాలితోనా?"

"నా కళ్ళతో చూశానమ్మా. మెట్లు రెండేసి దిగింది."

ఈయనకి చూపు బాగా మందగించినట్టుంది, ఒకసారి షాపుకి రమ్మనాలి అనుకుంది పెద్దక్క. కానీ అందులో సగం నిజమైనా, కట్టుకాలితో తనకోసం బయటపడిందంటే! తనేం మొహం పెట్టుకుని నిలబడుతుంది దాని ముందు? ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పెద్దాయన కంగారుగా మంచినీళ్ళు తెచ్చాడు.

"అంతా చదివానమ్మా. మీవాళ్ళంతా క్షమాపణలు చెప్పుకుంటున్నారు. మీరు మనసు కష్టపెట్టుకోకండి."

"క్షమాపణలేంటండీ? దేనికి?"

సంగతి ఏమిటంటే, గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, పెద్దక్క ఎందుకు వెళ్ళిపోయిందో ఎవరికీ తెలియక ఎవరి తప్పు వాళ్ళు గుర్తుచేసుకున్నారు. గ్రూపులో రాద్దామంటే ఆమె గ్రూపులో లేదాయె. అందుకని అందరూ ఊరంతా చదివే ఆ పోస్టు కిందే రాసుకున్నారు. పెద్దాయన గొంతు సవరించుకుని చదివి వినిపించాడు.

తమ్ముడు రాసింది: 'అక్కా, నీ దగ్గర తీసుకున్న నిచ్చెన పోయిందని చెప్పాను. పోలేదు. మా డాబా మీదే ఉంది.'

మరదలు రాసింది: 'వదినా, మీరు ఇచ్చిన కర్టెన్లు చాలా నచ్చాయని అబద్ధం చెప్పాను. వాటిని కారు మీద కప్పుతున్నాం.'

భర్త రాసింది చదవడానికి పెద్దాయన కాస్త మొహమాటపడ్డాడు. "చదవండి, ఫర్వాలేదు" అంది పెద్దక్క పళ్ళు బిగించి. 'ఏమోయ్, నీ పుట్టినరోజుకి గ్రూపులో నేను రాసిన నాలుగు లైన్లు నేను రాయలేదు. మీ తమ్ముడు రాసిపెట్టాడు. అయినా అందులో ఉన్నదంతా నిజమే.' దానికి ఊళ్ళోవాళ్ళు వందల మంది హార్టులు పెట్టారు.

"మీరు చాలా అదృష్టవంతులమ్మా" అన్నాడు పెద్దాయన.

"అవునండీ" అంది పెద్దక్క. "మా చెల్లెలేమీ రాయలేదా?"

"లేదమ్మా. ఆ అమ్మాయి రాయడం మానేసి వెతుకుతోంది."

పెద్దక్క ఆ గ్లాసు కింద పెట్టేసింది. "మీ ఫోన్ నుంచి దానికో ఫోన్ చేయండి బాబాయిగారూ. నేను ముట్టుకోను, మీరే చేయండి."

"నంబరు?"

నంబరు! పెద్దక్క కళ్ళు మూసుకుని ఆలోచించింది. నెలల తరబడి నొక్కేది పేరునేగానీ అంకెల్ని కాదు. ఎంత తవ్వినా ఆమెకి గుర్తొచ్చింది ఒకే నంబరు, తనది. పెద్దాయన అదైనా చేసి చూశాడు. అక్కడెక్కడో తాళం వేసిన షాపులో, తాళం వేసిన సొరుగులో, అది నిండా మోగి ఊరుకుంది.

"పోనీ ఇక్కడున్నారని పోస్టు కింద రాసేస్తానమ్మా" అని చూసి పెద్దాయన తెల్లబోయాడు. "అయ్యో, మీరు ఇప్పటికే చాలాచోట్ల దొరికారే! కూరగాయల మార్కెట్లో ఒకరు, బ్యాంకు దగ్గర ఒకరు... తుమ్మబోయే ఫోటో కదా, కళ్ళు మూసుకుని నోరు తెరిచిన ప్రతి ఆడమనిషినీ కూర్చోబెట్టేస్తున్నారు. ఇదిగో, చెప్పుల షాపులో ఒకావిడ దొరికిందట. 'అక్కడే ఉంచండి, నేను వస్తున్నాను' అని మీ చెల్లెలు రాసింది. ఇప్పుడే!"

"ఏ చెప్పుల షాపు?"

"నాలుగురోడ్ల దగ్గరది. కానీ అమ్మా, మిమ్మల్ని కదలనివ్వద్దని..."

"ఎదురు చెప్పొద్దని కూడా రాశారు కదా?"

పెద్దాయన ఇరకాటంలో పడ్డాడు. ఆ రెండింట్లో ఏది ముందు పాటించాలో తేల్చుకునేలోపు పెద్దక్క గేటు దాటింది. ఈసారి మొహానికి పైట కప్పుకోలేదు. ఎవడు కూర్చోబెడతాడో చూద్దాం అన్నట్టు నడిచింది. ఆ నడక చూసి ఎవరూ నీళ్ళు ఇవ్వడానికి సాహసించలేదు.

చెప్పుల షాపులో మధ్య కుర్చీలో ఒకావిడ బందీలా కూర్చుని ఉంది. ఆమె ముందు ఖాళీ గ్లాసులు వరసగా ఉన్నాయి. సేల్స్‌మన్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పెద్దక్క లోపలికి రాగానే ఆ మనిషి ఫోన్ చూసి, ఇద్దర్నీ చూసి, బిక్కమొహం వేశాడు.

"ఇంకొకావిడ! అమ్మా, మీరు కూడా ఇలా కూర్చోండి. నీళ్ళు తెస్తాను."

పెద్దక్క ఆవిడ పక్కనే కూర్చుంది.

"మీకూ ఇదే గతా?" అంది ఆవిడ, ఏడవలేక నవ్వుతూ. "చెప్పులు కొనుక్కుందామని వచ్చానండీ. ఆవులించాను, అదే నా తప్పు. అప్పట్నుంచి ఒక్క జోడు చూపించలేదు. నీళ్ళు మాత్రం తాగలేక చస్తున్నాను. నేను తప్పిపోలేదు మొర్రో అంటే, 'అవునండీ, లేదండీ' అంటాడేగానీ లేవనివ్వడు. ఆ తప్పిపోయిన మహాతల్లి ఎవరోగానీ, కనబడితే నాలుగు కడిగేద్దును."

"కడిగెయ్యండి" అంది పెద్దక్క. "తప్పిపోయింది నేనే."

పొద్దుట్నుంచి కాదు కాదని గొంతు చించుకున్న మాట, ఆమె నోటివెంట అంత తేలిగ్గా వచ్చేసింది. వచ్చాక ఆమెకే తెలిసింది అది నిజమని. చెల్లెలు మంచాన పడిన రోజునే తప్పిపోయింది తను. ఊరు కాస్త ఆలస్యంగా వెతుకుతోంది.

అప్పుడే షాపు అద్దాల తలుపు ధడాలున తెరుచుకుంది. చెల్లెలు. జుట్టు చెదిరి, ఒళ్ళంతా చెమట. పెద్దక్క చూపు దాని మొహం మీదికి పోలేదు, ముందు కాళ్ళ మీదికి పోయింది. రెండు కాళ్ళు. రెండూ నేల మీద. రెండిటికీ చెప్పులు.

"కట్టేదే?"

"ఎక్కడికి పోయావక్కా! నా పైప్రాణాలు పైనే పోయాయి!"

"కట్టేదే అంటున్నాను!"

"తీసేశారు."

"ఎప్పుడు?"

"పదిహేను రోజులైంది." చెల్లెలు రొప్పుతూనే నడుం మీద చెయ్యి వేసుకుంది. "అది కూడా ఫోటో పెట్టానుగా. దానికీ హార్ట్ పెట్టావుగా. పడ్డప్పుడూ హార్టే, లేచినప్పుడూ హార్టే. నేను చచ్చినా హార్టే పెడతావు."

సేల్స్‌మన్ నీళ్ళు తీసుకురాబోయి ఆగిపోయాడు.

"నేను చూడలేదే" అంది పెద్దక్క. "రెండూ చూడలేదు. చూసి రాలేదనుకున్నావు కదూ? అంత కఠినాత్మురాల్ని కాదే నేను. చూడనే లేదు. ఇవాళ టైలరమ్మ చెప్పింది."

"ఓహో! అంటే నేనన్న మాట నీ చెవిన పడి, దానికి అలిగి వెళ్ళిపోయావన్నమాట. నేననుకుంటూనే ఉన్నాను."

"అలగడమేంటే! నువ్వన్నది అక్షరాలా నిజం. నీ దగ్గరికే బయలుదేరాను. గుమ్మంలో నిలబడి తిట్లు తిందామని."

చెల్లెలు ఎదురుగా ఉన్న పీటమీద, చెప్పులు తొడిగేవాళ్ళు కూర్చునేచోట, కూలబడింది.

"ఫోన్ చేసి 'అక్కా, పడ్డాను, రా' అని ఒక్క ముక్క చెబితే నీ సొమ్మేం పోయిందే?" అని అడిగింది పెద్దక్క.

"చెప్పకుండానే వస్తావనుకున్నాను. బెల్లు మోగినప్పుడల్లా నువ్వేననుకున్నాను. ఒంటికాలిమీద గెంతుకుంటూ పోయి తీసేదాన్ని. కరెంటు మీటరు చూసేవాడు, పేపరువాడు, పక్కింటివాళ్ళు. అందరూ వచ్చారు."

పెద్దక్క ఇక ఆపుకోలేకపోయింది. దాని తల పట్టుకుని తన ఒళ్ళోకి లాక్కుంది. చెల్లెలు ముందు పెనుగులాడింది, తరవాత ఊరుకుంది, తరవాత ఏడ్చింది. పక్కనున్న ఆవిడ, నాలుగు కడిగేస్తానన్నావిడ, పైటచెంగుతో కళ్ళు తుడుచుకుంటూ "మా అక్కకి ఫోన్ చేసి ఎన్నాళ్ళయిందో" అని గొణుక్కుంది. సేల్స్‌మన్ ధైర్యం చేసి రెండు గ్లాసులు తెచ్చాడు. ఈసారి ఇద్దరూ తాగారు.

అంతలో తమ్ముడు చేతులకి గ్రీజుతో, మరదలు కారు తాళాలతో, భర్త చొక్కా మీద ఆకుపచ్చ రంగుతో ఊడిపడ్డారు. ముగ్గురూ ఒకేసారి మాట్లాడారు. పెద్దక్క చెయ్యెత్తి ఆపింది.

"నిచ్చెన రేపు పొద్దున్నే మా ఇంట్లో ఉండాలి. కర్టెన్లు మాత్రం కారుకే ఉంచుకోండి, దానికైనా నచ్చాయేమో. మీ సంగతి ఇంటికెళ్ళాక" అంది భర్తతో. ఆయన చొక్కామీద రంగు తుడుచుకోసాగాడు.

"అందరం ఒకచోట చేరి ఎన్నాళ్ళయిందో! ఒక్క ఫోటో!" అని తమ్ముడు ఫోన్ పైకెత్తాడు. పెద్దక్క వద్దనబోయింది. చెల్లెలు నవ్వుతూ చెయ్యి పట్టుకుని లాగింది. సరేనని ఒప్పుకుంది.

సాయంత్రం షాపు తెరిచి సొరుగులోంచి ఫోన్ తీసి ఇంటికి పట్టుకొచ్చేసరికి, తమ్ముడు ఆమెని అడక్కుండానే మళ్ళీ గూట్లో చేర్చేశాడు. ఆ ఫోటోని గ్రూపులోనూ, ఊరి పేజీలోనూ పెట్టాడు: 'మా పెద్దక్క దొరికింది! వెతికిన అందరికీ కృతజ్ఞతలు!' ఊరు ఊరంతా అభినందనలు కురిపిస్తోంది. గ్రూపులో అప్పటికే మరదలు హార్ట్ పెట్టింది. పక్క గదిలోంచి భర్త కూడా పెట్టాడు.

పెద్దక్క బొటనవేలు అలవాటుగా ముందుకు పోయింది. మధ్యలో ఆపేసింది. కళ్ళజోడు పెట్టుకుని, ఫోటోని పెద్దది చేసి, ఈ మూల నుంచి ఆ మూల దాకా చూసింది. తమ్ముడున్నాడు, మరదలుంది, ఆకుపచ్చ మరకల చొక్కాతో ఆయన ఉన్నాడు, నవ్వుతూ చెల్లెలుంది. చేతిలో గ్లాసుతో సేల్స్‌మన్ కూడా ఉన్నాడు. సరిగ్గా మధ్యలో, కళ్ళు మూసుకుని, నోరు తెరిచి ఆవులిస్తూ, చెప్పులు కొనడానికి వచ్చినావిడ ఉంది. పెద్దక్క ఉండాల్సిన చోట తమ్ముడి వేలు అడ్డం వచ్చింది. ఊరంతా అభినందిస్తున్నది ఆ ఆవులింతావిడనే.

హార్టుల వరసలో చెల్లెలి హార్ట్ లేదు. దాని బదులు ఒక ముక్క ఉంది: 'ఒరేయ్, ఇందులో అక్క ఏదిరా?'

పెద్దక్క ఆ ముక్కని చాలాసేపు చూసింది. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూసింది. తరవాత లేచి గుమ్మం దగ్గర చెప్పులు తొడుక్కుంది.

"మళ్ళీ ఎక్కడికి?" భర్త కంగారుగా బయటికి వచ్చాడు. "ఇందాకే కదా దాన్ని చూసొచ్చావు?"

"ఫోటోలో లేనుగా. కనబడి వస్తాను."

అయితే గడప దాటకముందు, ఇంట్లోంచి కదలొద్దని చెల్లెలికి ఫోన్ చేసింది.